తల తేలికైన రాకెట్

నా చిన్నప్పుడు మా గోదావరిఖని లైన్ క్వార్టర్లలో పిల్లలందరికీ ఒకటే పిచ్చి, షటిల్. కమ్యూనిటీ హాలు వెనక ఒక సిమెంటు కోర్టు ఉండేది. బడి వదలగానే పుస్తకాల సంచి ఇంట్లోకి విసిరేసి అక్కడికే పరుగు. మాకు ఆట నేర్పింది బాబాయి వరసయ్యే మా పక్క క్వార్టర్ కాక. ఆయన బొగ్గు బాయిలో సర్దార్. అంటే భూమి లోపలికి దిగిన తన మనుషులందరినీ క్షేమంగా పైకి తెచ్చే బాధ్యత ఆయనది. మొదటి షిఫ్టు ముగించుకుని, స్నానం చేసి, తెల్ల బనీనుతో కోర్టు మీదికి వచ్చేవాడు. ఎంత రుద్దినా ఆయన కళ్ళ అంచున బొగ్గు కాటుకలా మిగిలిపోయేది. మేము వెనక నవ్వుకునేవాళ్ళం, ముందు మాత్రం నోరెత్తేవాళ్ళం కాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు కాక తన రాకెట్ నాకు వారం రోజులు ఆడుకోవడానికి ఇచ్చాడు. దాని తల వైపు బరువు. ఎత్తి కొడితే చాలు, షటిల్ బుల్లెట్‌లా పోయేది. అబ్బో, నాకు ఏనుగెక్కినంత సంబరం! సింగిల్స్‌లో మా లైన్ పిల్లలందరినీ, నాకంటే పెద్దవాళ్ళను కూడా, ఓడించి పారేశాను. డబుల్స్‌లో మాత్రం ఓటమి మీద ఓటమి.

డబుల్స్‌లో నా జోడీ చివరి క్వార్టర్ పిల్ల. వాళ్ళింట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ళు, మాతో తెలుగు. వాళ్ళ నాన్న లారీ మెకానిక్. బక్కగా ఉండేది కానీ, కోర్టు వెనక నుంచి అది స్మాష్ కొడితే మగపిల్లలు కూడా పక్కకు జరిగేవాళ్ళు. అందుకే అది వెనక, నేను నెట్టు దగ్గర. ఓడిన ప్రతిసారీ నేను దాని మీదే విరుచుకుపడేదాన్ని. "జల్ది ఉరుకరాదే! గంత లేటయితే ఎట్ల?" అనేదాన్ని. ఆడలేక మద్దెల ఓడు అనడమంటే అదే, కానీ అప్పుడు నాకెవరు చెప్పాలి? అది పాపం ఆయాసపడుతూ, "సారీనే, ఇగ ఉరుకుత" అనేది.

దానికి ఆ ఏడాది ప్రాణసంకటంగా ఉంది పరిస్థితి. పెద్దదవుతోంది, ఇంకా ఈ ఆటలేమిటని వాళ్ళింట్లో గొణుగుడు మొదలైంది. చివరికి వాళ్ళ నాన్న ఒక మాట తేల్చి చెప్పాడు. "ఈ యేడు జిల్లాకు పొయ్యే టీముల నీ పేరొస్తె ఆడుకో. రాకుంటె ఆట బంద్." సెలక్షన్లు దసరా సెలవుల తర్వాత. సింగిల్స్‌కు దాన్ని తీసుకోరని మా అందరికీ తెలుసు, ఎందుకంటే ఒంటరిగా కోర్టంతా తిరిగే దమ్ము దానికి లేదు. దానికున్న ఒకే ఒక్క దారి మా డబుల్స్. నాకు రెండూ ఉన్నాయి.

ఆ దసరాకు నాకు కొత్త బట్టలు వద్దు, రాకెట్ కావాలని మొండికేశాను. నాన్న సరేనని చౌరస్తాలోని దుకాణానికి తీసుకెళ్ళాడు. పాపం ఆయనకు రాకెట్ గురించి ఏం తెలుసు? ఆయన చేతికి తెలిసింది చెమ్మస్, బాయిలో బొగ్గు ఎత్తే పార. ప్రతి రాకెట్‌నూ రెండు చేతులా పట్టుకుని, నడుం వంచి, నేల మీద నుంచి బొగ్గు ఎత్తినట్టు విసిరి చూశాడు. దుకాణదారు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నాన్న అన్నింట్లోకీ తల బరువున్నది తీసి, "ఇగో ఇది పట్టు బిడ్డా. తలకాయల బరువుంటెనే దెబ్బ పడ్తది" అన్నాడు. నాకు కావలసిందీ అదే. దానికి ఇంకా గట్టింగ్ కాలేదు, ఖాళీ చట్రమే. దారాలు బిగించే మనిషి సోమవారం వస్తాడనీ, బిగించాక మాత్రం మార్చడం కుదరదనీ దుకాణదారు చెప్పాడు. చట్రాన్నే గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఆదివారం పొద్దున కాక నన్నూ నా జోడీనీ పిలిచాడు. వాళ్ళ పెరట్లో అరుగు కట్టడానికి ఇసుక దిగింది, గేటు దగ్గరి కుప్పను లోపలికి చేర్చాలట. చెమ్మస్ నాకిచ్చాడు, తట్ట దానికిచ్చాడు. నింపడం నా వంతు, మోయడం దాని వంతు. నా బలం చూపించాలని నాకెంత తొందరో! దాని తలమీద తట్ట ఉండగానే గబగబా గోపురంలా నింపాను. మొదటి తట్ట మోసింది. రెండోది తూలుతూ మోసింది. మూడోసారి నాలుగడుగులు వేసి, తట్ట వదిలేసి, మెడ పట్టుకుని అక్కడే కూలబడింది. నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "గింతకే?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో నా ముఖం మండుతుంది.

కాక ఇసుక తట్టను పక్కకు లాగాడు. దాన్ని లేపి, మంచినీళ్ళిచ్చి, లోపల కాకీ దగ్గరికి పంపాడు. మిగిలిన ఇసుక చూస్తూ తాపీగా చెప్పాడు. "బాయిల నింపెటోడు బొగ్గు దిక్కు సూడడు బిడ్డా. మోసెటోని మెడ దిక్కు సూస్తడు. ఆ మెడ ఎంత ఆగుతదో గంతే ఎత్తుతడు. ఎక్కువ నింపినోన్ని ఎవ్వలు మొగోడనరు. ఆనితోటి జోడీ పనికి ఎవ్వలు రారు."

తర్వాత నా కొత్త చట్రం తెమ్మన్నాడు. దాన్ని మధ్యలో చూపుడు వేలి మీద నిలిపితే తల కిందికి వాలిపోయింది. "మంచి రాకెట్. ఒక్కదానివే ఆడెటప్పుడు నీకు పనికొస్తది. ఎత్తుగ వెనకకు కొడ్తవ్, మల్ల మధ్యలకొచ్చి నిలబడ్తవ్, టైముంటది. జోడీల నెట్టు కాడ టైమెక్కడిది? గీ బరువు తిప్పెలోపు షటిల్ నిన్ను దాటిపోతది. నువ్విడిసిపెట్టిందల్లా ఆ పిల్ల ఉరికి అందుకోవాలె."

లేటవుతున్నది అది కాదు, నేను. నేను అందుకోలేనివన్నీ అది అందుకుంటోంది, పైగా నా చేత తిట్లు తింటోంది. రాకెట్ మార్చుకోమని కాక ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే ముక్కు మీద కోపం ఉన్న నేను మార్చేదాన్ని కానేమో. చట్రం నా చేతికిచ్చి తన ఇసుక పని చూసుకున్నాడు.

ఆ రోజంతా అన్నం సయించలేదు. సింగిల్స్‌లో నా పేరు ఖాయమని అందరికీ చెప్పుకున్నానాయె! సోమవారం పొద్దున్నే దుకాణానికి వెళ్ళి, నా రాకెట్ ఇచ్చేసి, తల తేలికైనది తెచ్చుకున్నాను. నాన్న దాన్ని చేత్తో ఎగరేసి చూసి, "బంగారమసొంటి దాన్నిచ్చి పుల్ల తెచ్చుకున్నవేందే!" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎందుకు మార్చానో ఆయనకు చెప్పలేదు.

సెలక్షన్లలో సింగిల్స్ రెండో ఆటకే ఓడిపోయాను. జ్యోతినగర్ నుంచి వచ్చిన పొడుగు పిల్ల నా చేతిలో ఏముందో ఇట్టే పసిగట్టింది. నన్ను వెనక్కి వెనక్కి తోసింది. ఆ తేలిక రాకెట్‌తో నేనెంత బలంగా కొట్టినా షటిల్ కోర్టు మధ్యలోనే పడేది. హాలు వెనక నీళ్ళ ట్యాంకు చాటున కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. గెలిపించే రాకెట్ ఎవరో ఎత్తుకుపోయింది కాదు, నా చేతులారా నేనే ఇచ్చుకున్నాను, అందుకే మరీ ఏడుపు.

గంటలో డబుల్స్. ముఖం కడుక్కుని నెట్టు దగ్గర నిలబడ్డాను. ఆ రోజు నా మణికట్టుకు రెక్కలొచ్చాయి. నెట్టు దగ్గరికి వచ్చిన దేన్నీ వెనక్కి పోనివ్వలేదు. నా జోడీ ఉరకాల్సిన పని లేక, ఊపిరి నిలుపుకుని, పైకి లేచిన ప్రతి షటిల్‌నూ పగలగొట్టింది. మా పేర్లు నోటీసు కాగితం మీద పక్కపక్కన వచ్చాయి. వాళ్ళ నాన్న గ్రీజు చేతులతోనే షెడ్డు నుంచి వచ్చాడు. కాగితం ముట్టుకుంటే మరక అవుతుందని వేలు గాలిలో ఆడిస్తూ, కూడబలుక్కుంటూ కూతురి పేరు చదివాడు. తర్వాత నా పేరు కూడా చదివాడు. మా ఇద్దరికీ చెరుకురసం తాగించాడు.

కరీంనగర్ వెళ్ళి మొదటి ఆటలోనే ఓడి వచ్చాం. అయినా ఇంట్లో దాని ఆట మళ్ళీ ఎవరూ ఆపలేదు. కాలేజీకి ఆడింది, యూనివర్సిటీకి ఆడింది, ఇవాళ ఒక బడిలో ఆటల టీచరు. నేను ఆఫీసు కుర్చీలో లావెక్కిపోయాను.

మొన్న అది మా ఇంటికి వచ్చినప్పుడు మా పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మీ అమ్మకు కొట్టే దమ్మెక్కడిదే? గందుకే జిందగీ అంత నెట్టు కాడ నిలబడ్డది!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. రాకెట్ మార్చిన సంగతి దానికి ఇప్పటికీ తెలియదు. చెప్పాలని ఎన్నోసార్లు నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. అది అట్లా వెక్కిరించిన ప్రతిసారీ నాకెంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. నేను గెలిచినవాటిలో నా దగ్గర ఇంకా మిగిలింది ఆ వెక్కిరింత ఒక్కటే.