బాస్ గీత దాటిన ఆదివారం

మా బాస్ ఒకప్పుడు ఆస్ట్రేలియాలో జీతం తీసుకుని రగ్బీ లీగ్ ఆడినవాడు. వై2కె పేరు చెబితే చాలు, పిలిచి ఉద్యోగాలిచ్చే రోజుల్లో నేను సింగపూర్‌లో దిగాను. అప్పటికి ఆయన మా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ మేనేజర్. మెడ అన్నది ఎక్కడా కనిపించేది కాదు, భుజాల మీద నేరుగా తలకాయే. మోకాలు పాడై లిఫ్ట్ దాకా నడవడానికే కుంటేవాడు. అయినా ఆదివారం వస్తే మా యీషున్ ఫ్లాట్ పక్కనున్న మైదానంలో ఆఫీసు జట్టును పరుగులు పెట్టించేవాడు.

జట్టుకు మనుషులు చాలక నా మీద కన్నేశాడు. "ఏమైనా ఆడావా?" అనడిగితే, "కబడ్డీ, జిల్లా స్థాయి," అని ఛాతీ విరిచి చెప్పాను. అదే నా కొంప ముంచింది. పట్టుకోవడం, పడేయడం, తప్పించుకోవడం అన్నీ అందులోనూ ఉన్నాయి కాబట్టి రగ్బీ నాకు కొట్టిన పిండేనని తేల్చేశాడు. బంతి పట్టుకుని అవతలివాళ్ళను దాటుకెళ్ళి, చివరి గీత అవతల నేలకు ఆనించాలి. బంతిని వెనకున్నవాడికే ఇవ్వాలి, ముందుకు విసరకూడదు. ఆయన నేర్పిన ఆట ఇంతే.

ఆయన కెరీర్ సంగతి మాత్రం వాళ్ళావిడ చెప్పింది. ఎదుటివాళ్ళ మీదికి దున్నపోతులా వెళ్ళి గుద్దుకుని దారి చేయడమే ఆయన ఉద్యోగమట. ఆ దారిలో వేరెవరో దూరిపోయి బంతి ఆనించేవాళ్ళు. అన్నేళ్ళలో ఆయన ఒక్కసారీ గీత దాటలేదు. "ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళి కూర్చున్నా. అదొక్కటే చూడలేదు," అంది. పై వారమే మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత పరుగన్న మాట మర్చిపొమ్మన్నాడు డాక్టరు. అంటే ఆ ఆదివారం బ్యాంకు జట్టుతో ఆటే ఆయనకు ఆఖరిది. నా మనసు చివుక్కుమంది.

బాస్‌తో ఎలాగైనా గీత దాటించాలని జట్టంతా ఒట్టేసుకున్నాం. తీరా ఆయనకు బంతి అందిస్తే చాలు, బ్యాంకువాళ్ళు ముగ్గురు నలుగురు మీద పడిపోయేవారు. ఆట ముగియబోతుండగా బంతి నా చేతికొచ్చింది. ఇక చూస్కోండి! ఒకడి భుజం తాకాను, ఇంకొకడి మోకాలు తట్టాను, మూడోవాడి వీపు చరిచి పక్కనుంచి దూసుకుపోయాను. ఎదురుగా గీత, అడ్డం ఒక్కడూ లేడు.

సరిగ్గా అక్కడ నా జిల్లా స్థాయి బుర్ర పనిచేసింది. ముగ్గుర్ని తాకేశాను, ఇక మనవైపు వెళ్ళిపోవాలి! గిర్రున వెనక్కి తిరిగి, కబడ్డీ కబడ్డీ అంటూ లంకించుకున్నాను.

"అరేయ్, ఇటెందుకు ఉరుకుతున్నవ్ రా! పిచ్చి గిట్ల లేసిందా?" అని మైదానం పక్క మెట్ల మీద కూర్చుని ఆట చూస్తున్న మా కరీంనగర్ రూమ్మేట్ గావుకేకలు. బ్యాంకు జట్టంతా నా వెంట పడింది. కుంటుకుంటూ వస్తున్న బాస్ ఎదురై చేతులు చాపాడు. బంతి ఆ చేతుల్లో పడేసి, కూత ఆపకుండా అలాగే పరుగెత్తాను. బ్యాంకువాళ్ళు అది గమనించనే లేదు, నా వెనకే!

మా గీత తాకి, చెయ్యెత్తి "మూడు పాయింట్లు!" అని అరిచాను. మైదానమంతా కడుపులు పట్టుకుని నవ్వుతోంది. అందరికంటే ఎక్కువ నవ్వుతున్నది మెట్ల మీదున్న బాస్ వాళ్ళావిడ, నన్నే చూస్తూ. అప్పుడు ఈల మోగింది. అందరం అటు తిరిగాం. అవతలి గీత దాటి, బోర్లా పడి ఉన్నాడు మా బాస్. రిఫరీ తప్ప ఒక్కరం కూడా చూడలేదు.

ఆయన వెలిగిపోతున్న మొహంతో వచ్చి, "చూశావా?" అన్నాడు ఆమెతో.

"చూడకేం!"

"ఒక చేత్తో ఆనించానా, రెండు చేతులతోనా?"

ఆమె నా వైపు చూసింది. నేనూరుకోలేక, "రెండు చేతులతో బాస్, నిక్షేపంగా," అన్నాను.

"ఇద్దరూ అబద్ధాలకోర్లే. ఒక్క చేత్తోనే." నవ్వబోయాడు గానీ మొహం చిన్నబోయింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బ్యాంకు జట్టు కెప్టెన్ బంతి తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "ఇంకోసారి లా, అంకుల్," అన్నాడు, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ యాసలో. వాళ్ళంతా మళ్ళీ మైదానంలోకెళ్ళి వరసగా నిలబడ్డారు. బాస్ కుంటుతూ బయల్దేరాడు. వాళ్ళు ఒక్కొక్కరే మీదికి దూకి, గాలిని పట్టుకుని, దబ్బుదబ్బున పడిపోతున్నారు. ఆమె లేచి నిలబడింది.

నేనూ ఉత్సాహంగా మైదానంలోకి దిగబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"నువ్వు మాత్రం ఇక్కణ్ణుంచి కదలకు," అంది, ఆయన మీంచి చూపు తిప్పకుండా.