తదితరులు పాల్గొన్నారు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: నోరు తెరవకుండా బతకాలంటే రాత ఒక్కటే దారి అని. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినవాణ్ని కాబట్టి ఊరికే నమ్మలేదు, పట్టిక గీసి మరీ నమ్మాను. ఎడమ పక్క ఉద్యోగాలు, కుడి పక్క ఒక్కోదానికి ఎంతమందితో మాట్లాడాల్సి వస్తుందో లెక్క. దుకాణం, కాంట్రాక్టు పని, పంతులు ఉద్యోగం అన్నీ కొట్టివేతలో పోయాయి. 'రచయిత'కు ఎదురుగా సున్నా వేసుకుని మురిసిపోయాను. జనగామలో మా బాపు ఆ కాగితం చూసి, "మాట్లాడనోనికి బువ్వ ఎవడు పెడ్తడురా?" అన్నాడు. పెట్టేవాడు దొరికాడు. ఒక పత్రికలో మండల విలేఖరి పని, జనగామలో కాదు, మానుకోట అవతల అడవిలో, కొత్తగూడలో. (అక్కడికి పోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది.) నేనైతే ఎగిరి గంతేశాను. అడవిలో మనుషులు తక్కువ కదా!

మనుషులు తక్కువేగానీ వార్తల్లో పేర్లు ఎక్కువ. మండల వార్త ఏదైనా "ఈ కార్యక్రమంలో ఫలానా, ఫలానా తదితరులు పాల్గొన్నారు" అన్న తోకతో ముగియాల్సిందే. ఆ తోకలో ఉన్నవాళ్ళే మర్నాడు పేపరు కొనేది. కానీ ఒక మనిషి దగ్గరికి పోయి "మీ పేరేంటి?" అని అడగడమంటే నాకు ఒళ్ళంతా చెమటలు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. ధర్నా ఎక్కడ జరిగినా వెనక ఫ్లెక్సీ ఉంటుంది, ఫ్లెక్సీ నిండా ఫొటోలు, ఫొటోల కింద పేర్లు. చప్పుడు చేయకుండా అవి ఎక్కించుకుని, బస్సులో మానుకోట పోయి, ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని డెస్కుకు పంపేవాణ్ని. కండక్టరుతో "మానుకోట", హోటల్లో "ఒక చాయ్". రోజంతటికీ అదే నా ప్రసంగం.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి. అటు భూపాలపల్లిలో బొగ్గు ఆగింది, ఇటు మాకు కరెంటు ఆగింది. కరెంటు లేక ఇంటర్నెట్ సెంటరూ లేదు, ఫ్లెక్సీలూ లేవు. నేను అంత జాగ్రత్తగా వేసుకున్న వైరింగంతా ఒక్కసారిగా కాలిపోయింది. ఊరేమో ఉర్రూతలూగుతోంది, నా వార్తలేమో జేబులోనే ఉన్నాయి. మూడో రోజు పొద్దున ఫోను ఒక్క క్షణం బతికినప్పుడు డెస్కు సారు నన్ను పట్టుకున్నాడు. "తెలంగాణ అంత రోడ్డు మీదుంటే నీ మండలం పండుకున్నదా? ఇయ్యాల వంటావార్పు వార్త రాకపోతే రేపట్నుంచి ఇంకోడు రాస్తడు."

ఆ రోజు నడిరోడ్డు మీద రాళ్ళపొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద డేగిశాల్లో అన్నం, పప్పు వండుతున్నారు. బండ్లు కదలకుండా ఒక ట్రాక్టరు ట్రాలీని అడ్డంగా నిలిపారు. డప్పుల మోతకు నా గుండె కూడా లయ తప్పకుండా కొట్టుకుంటోంది. వార్త సిద్ధంగా ఉంది, సిగ్నల్ లేదు. ఫోను పైకెత్తి ఊరంతా తిరిగాను. చివరికి రెండు గీతలు కనబడింది ఒక్కచోటే: ఆ ట్రాలీ మీద. సరిగ్గా జనం నడుమ.

ఎక్కాను. "విలేఖరి తమ్ముడు మాట్లాడ్తడట, చప్పట్లు గొట్టుండ్రి!" అని ఎవరో అరిచారు. చప్పట్లు మోగాయి. నేను ఫోన్లో గుసగుసగా మొదలుపెట్టాను.

"ఇనబడ్తలేదయ్యా, గట్టిగ చెప్పు!" అన్నాడు డెస్కు సారు.

కళ్ళు మూసుకుని అరిచాను. "కొత్తగూడలో వంటావార్పు! సుమారు నాలుగు వందల మంది..."

"నాలుగు వందలా? కండ్లు కనబడ్తలెవ్వా తమ్మీ?" కింద నుంచి ఒక గొంతు.

"నాలుగు వేలు రాయి!" ఇంకో గొంతు.

"లెక్కేసిన్నన్నా..." అన్నాను. (నిజంగానే వేశాను. రోడ్డు వెడల్పు కూడా తెలుసు నాకు.)

"అడవిలకెళ్ళి ఇంక వస్తున్నరు, వాళ్ళను గూడ కలుపు!"

ఇక లాభం లేదని "వేలాదిగా!" అన్నాను. జనం ఈల వేశారు. నా మాటకు ఈల పడటం అదే మొదటిసారి. ఒంట్లో ఏదో కరెంటు పాకింది, సమ్మె రోజుల్లో ఎక్కడా లేని కరెంటు.

"పేర్లు?" అన్నాడు డెస్కు సారు.

వెనక్కి చూశాను. ఫ్లెక్సీ లేదు, ఆకాశం ఉంది. జనం వైపు తిరిగి "మీ పేర్లు చెప్పుండ్రి!" అన్నాను. అంతే, కట్ట తెగింది. కిరాణం సేటు ట్రాలీ చక్రమెక్కి, "నాది మొదలు రాయి, బియ్యం నేనిచ్చిన!" అన్నాడు. ట్రాక్టరు పెదనాయిన ఊరుకుంటాడా? "నా బండి మీద నిలవడి నన్ను రెండోది జేస్తవా?" తలా ఒక పేరు, అన్నీ ఒకేసారి.

"ఏందయ్యా ఆ లొల్లి? పేజీ ఎల్లిపోతున్నది!" ఫోన్లో డెస్కు సారు.

అప్పుడు పప్పు కలుపుతున్న తండా అవ్వ గంటెతో డేగిశ మీద ఠంగున కొట్టింది. "నోర్మూయుండ్రి! పిల్లగాని కొలువు పోయేటట్టున్నది."

డప్పులు సైతం ఆగాయి. ఆ నిశ్శబ్దంలో, నా జీవితంలో మొదటిసారి, ఒక మనిషిని నేరుగా అడిగాను. "అవ్వా, నీ పేరేంది?"

"నా పేరెందుకు కొడుకా? తండా అవ్వంటె అందరికెర్కే."

"తండా అవ్వ!" అని ఫోన్లోకి అరిచాను. అంతటితో బ్యాటరీ చచ్చింది.

మర్నాడు సాయంత్రం జీపులో పేపరు వచ్చింది. జిల్లా పేజీలో పైనే మా వార్త. వేలాదిగా! చివర్న, "కార్యక్రమంలో తండా అవ్వ తదితరులు పాల్గొన్నారు."

సేటు రెండుసార్లు చదివాడు. "అంటే నేను తదితరులా? నా బియ్యం తదితరులా?"

"నా ట్రాక్టరు గూడ గా తదితరులల్లనే కలిసింది తియ్, ఊకో," అన్నాడు పెదనాయిన.

జారుకుందామనుకునేలోపు అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "జర సదువు కొడుకా." చదివాను. "గట్టిగ. మా ఆడిబిడ్డ గాడ కూసున్నది." గట్టిగా చదివాను. మూడోసారి అడిగినప్పుడు నేనే ట్రాలీ ఎక్కాను. అవ్వ పేరు దగ్గరికి రాగానే జనమంతా ఒక్క గొంతుతో "తదితరులు!" అని అరిచారు, అందరికంటే గట్టిగా సేటే. కొలువు నిలిచింది.

ఇప్పుడు ఇంట్లో తలుపేసుకుని రాసుకుంటాను. వారం రోజులు ఎవరితో మాట్లాడకపోయినా పూట గడుస్తుంది. అయినా ఏ వాక్యం దగ్గరైనా చెయ్యి ఆగితే లేచి నిలబడి పైకి చదువుతాను. చదివి ఒక్క క్షణం ఆగుతాను, కింద నుంచి ఎవరైనా "గట్ల కాదు తమ్మీ" అంటారేమోనని. ఎవరూ అనరు. ఆ ట్రాలీ మీద కళ్ళు మూసుకుని అరిచిన కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడంటే కొంచెం కుళ్ళు కూడా.