పదో గాలం

గాలానికి ఈకలూ దారమూ చుట్టి ఎటెల్వినా కట్టిన ఉత్తుత్తి ఈగను చూసి జిత్తులమారి ట్రౌట్ చేప కూడా మోసపోతుందని కురుఎన్యో ఏటి పొడుగునా పేరు. డెబ్బై రెండేళ్ల మనిషి. నీళ్ల మీద రెక్క విప్పి ఒక్కరోజులో పోయే మేఫ్లైని కడుతుంది. రెక్కలు రాకముందు అది రాళ్ల కింద పాకే రూపాన్నీ కడుతుంది. ఈకలు పెరట్లో పుంజులవి. గాలాన్ని బిగించే పరికరం జోలికి పోదు, రెండు వేళ్ల మధ్య పట్టుకుని దారం చుడుతుంది. పరికరం వాడేవాళ్లంటే చిన్నచూపు. "దేవుడు చేతులిచ్చింది చెంచా పట్టుకోడానికేనా?" అంటుంది.

రోజూ పొద్దున్నే పది గాలాలు లెక్కపెట్టి పళ్లెంలో పోసుకుంటుంది. ఏప్రిల్ వచ్చినా వదలని కొండచలికి, ఆ ఉదయం వేళ్ల కొసలు బయటికుండే ఉన్ని తొడుగులు వేసుకుని కూర్చుంది. కాళ్ల దగ్గర పది నెలల మనవరాలు అల్బా రొట్టెముక్క చీకుతోంది. కూతురు నీవెస్ పెరట్లో పుంజులకు గింజలు వేస్తోంది. పళ్లెం ఖాళీ అయ్యేసరికి ఈగలు తొమ్మిదే తేలాయి.

ఎటెల్వినా మళ్లీ లెక్కపెట్టింది. ఒడి దులిపింది, మోకాళ్ల మీద కూర్చుని నేలంతా వెతికింది. అప్పుడే అల్బా దగ్గింది. ముసలామెకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్ల నోట్లో వేలు పెట్టి చూసింది. నానిన రొట్టె తప్ప ఏమీ లేదు. ఎవరికీ చెప్పకపోతే? ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చింది. తన మీద తనకే అసహ్యమేసింది.

"నీవెస్, కారు తియ్యి. పిల్ల గాలం మింగిందేమో."

"మింగిందేమో ఏంటమ్మా? చూశావా, లేదా?"

"చూళ్లేదు. ఒకటి తక్కువొచ్చింది."

"దాన్ని దగ్గర పెట్టుకుని కట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

లియోన్ పట్నం దాకా అల్బా కిలకిల నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుకే ఎటెల్వినా వణికిపోయింది. గాలం మెత్తగా దిగుతుందనీ, లాగినకొద్దీ లోతుకు పోతుందనీ ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ బయటికి వచ్చి, "గొంతులో లేదు, కడుపులో లేదు. పిల్ల నిక్షేపంలా ఉంది" అంది. నీవెస్ భోరుమంది. ఎటెల్వినాకు మాత్రం నమ్మకం కుదరలేదు.

"ఇంకోసారి చూడమ్మా. అది బియ్యపుగింజంతే ఉంటుంది."

"ఇనుము ఎంత చిన్నదైనా కనిపిస్తుంది, బామ్మగారూ. అవునూ, మీ చేతికి ఆ రక్తం ఏంటి?"

ఎడమచేతి తొడుగు మీద చిన్న మరక. డాక్టరమ్మ తొడుగు మెల్లగా తీసింది. బొటనవేలి మొదట్లో, కండలోకి పూర్తిగా దిగి ఉంది గాలం.

"నొప్పి తెలియలేదా?"

"లేదు."

డాక్టరమ్మ గాలం తీసి చిన్న కట్టు కట్టింది. కళ్లు మూసుకుని, తాకినప్పుడల్లా చెప్పమని, వేళ్ల కొసలను ఒక్కొక్కటిగా సూదితో తాకింది. అన్ని వేళ్లూ అయిపోయినా, ఎటెల్వినా ఇంకా మొదటిసారి తాకడం కోసమే ఎదురుచూస్తూ ఉంది.

"షుగర్ ఉందా?"

"పదేళ్లయింది."

"అమ్మా," అంది నీవెస్, "మరి ఇన్నాళ్లూ ఎలా కట్టావే?"

"కళ్లతో చూసుకుంటూ."

ఆ మాట ఎటెల్వినా ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. పోనీలే, దిగితే నా చేతికే కదా దిగింది అనుకుంది, ఒళ్లంతా తేలికైంది. పిల్లను ఇమ్మని చేతులు చాపింది. నీవెస్ ఇవ్వబోయి, స్పర్శ తెలియని ఆ చేతుల వైపు చూసి ఆగింది.

ఎటెల్వినాకు అసలు భయం అప్పుడు వేసింది. చేతులు వెనక్కి తీసుకుంది. వంగి, కూతురి చంకలో ఉన్న పిల్ల నుదుటికి పెదవులు ఆనించింది. వెచ్చగా తగిలింది.