నీదర్ అంటే నీది కాదు

నిన్న కొత్త మట్టికుండ కొనుక్కొచ్చి, నానబెట్టి నీళ్లు నింపాను. తడిమట్టి వాసన ఇల్లంతా పరుచుకుంది. కమ్మగా ఉందంటారు అందరూ. నాకు మాత్రం ఆ వాసనకి గొంతు ఎండుతుంది, పగ రగులుతుంది.

ఎనభైల్లో, ఆగిరిపల్లి పక్కన మా ఊళ్లో, అమ్మ మామిడి తోటల్లో కూలికి వెళ్లేది. వేసవి మొదట్లో గాలిదుమారానికి రాలిన పిందెలు ఏరుకుని, ఉప్పూకారం అద్దుకుని, సొన తగిలి పెదవులు పొక్కినా వదలకుండా కొరుక్కుంటూ బడికి నడిచేవాళ్లం. చేరేసరికి నాలుక మంట, ఒకటే దాహం. వరండాలో రెండు కుండలుండేవి. నీడలో, మూతా గ్లాసూ ఉన్నది రైతుల పిల్లలకి; ఎండమూల, అంచు విరిగినది మా పేట పిల్లలకి. అది దేవుడు పెట్టిన కట్టుబాటని పెద్దలు చెప్పేవారు. కుండలు పెట్టింది మా ఇంగ్లీషు మాస్టారు, నేను కళ్లారా చూశాను.

ఏడో తరగతిలో ఆయన ఈదర్ నేర్పారు. "రెండిట్లో ఏదైనా సరే అని అర్థం." ఆ మధ్యాహ్నం మా కుండ ఖాళీ. నీడలో కుండ మూత తీసి కడుపునిండా తాగాను. మాస్టారు నా అరచేతులు వాచేలా బెత్తంతో కొట్టి, ఆ కుండ పగలగొట్టించి, కొత్తది తెప్పించారు. దాని తడిమట్టి వాసన పీలుస్తూ ఎండలో నిలబడ్డాను. "ఇక నువ్వు రెండూ ముట్టడానికి వీల్లేదు" అన్నారు.

అమ్మ నా చేతులకి ఆముదం రాస్తూ, "ఊరుకోవే, చదువు మానేస్తావా ఏంటి?" అంది. మానలేదు. ఊరుకోనూ లేదు.

తర్వాత క్లాసులో మాస్టారు సొంత వాక్యం రాయమన్నారు. మా బడిలో రెండు కుండలున్నాయి, నేను రెండిట్లోనూ తాగను అని ఇంగ్లీషులో రాస్తూ, రెండూ కదా అని బోత్ పెట్టాను. మాస్టారు పకపకా నవ్వారు.

"తాగనన్నాక బోత్ ఏంటే? రెండూ కాదంటే నీదర్ రావాలి. నీదర్ అంటే నీది కాదు, అలా గుర్తుపెట్టుకో!"

క్లాసంతా నవ్వింది. ఆయన ఎర్రసిరాతో డూ నాట్, బోత్ కొట్టేసి, నీదర్ రాసి, సంతకం పెట్టారు. వ్యాకరణం చూశారు గానీ, వాక్యం ఏం చెబుతోందో చూడలేదు.

ఇన్‌స్పెక్టరు గారు ఓ రోజు బడి తనిఖీకొచ్చి, ఎవరినైనా ఇంగ్లీషులో ఏదో ఒకటి చదవమన్నారు. లేచి అదే చదివాను.

"రెండిట్లోనూ తాగవా? ఎందుకమ్మా?"

"తాగనివ్వరండీ. మాస్టారే దిద్దారండి" అని నోటుబుక్కు చేతికిచ్చాను.

ఆయన ఎర్రసిరా చూశారు, వరండా వైపు చూశారు. మాస్టారికి దగ్గు ముంచుకొచ్చింది.

"మీకు మంచినీళ్లు కావాలల్లే ఉంది. ఈ అమ్మాయే తెస్తుందిలెండి" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"ఏ కుండలోవి తెమ్మంటారండీ?" అని మాస్టార్ని అమాయకంగా అడిగాను.

ఆయన తలవంచుకుని, "ఈదర్" అన్నారు.

విరిగిన కుండలోవే ముంచి తెచ్చాను. నా చేతి నీళ్లు ఆయన గొంతు దిగేదాకా కదల్లేదు. మర్నాటి నుంచి వరండాలో ఒకటే కుండ.

ఇప్పుడా బడికి కుళాయిలొచ్చాయి. ఆ వరండా లేదు, మాస్టారూ లేరు. ఈ కథ విన్నవాళ్లు అడుగుతుంటారు, ఆయన్ని క్షమించావా, పోనీ మరిచిపోయావా అని. కుండలో నీళ్లు ముంచుకుని, చల్లగా తాగి, మాస్టారు నేర్పిన మాటే చెబుతాను.

నీదర్.