ఎర్ర కారుకు జ్వరం

రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు కొనడం నేను చేసిన ఒకే ఒక్క పనికిమాలిన పని అని మా ఆవిడ అందరికీ చెబుతుంది. ఒక్కటే అనడం ఆమె మంచితనం. నేలకు ఆనుకున్నట్టుండే ఆ ఎర్ర కారు తిరుపతి వీధుల్లో వెళ్తుంటే లడ్డూ సంచులు పట్టుకున్న యాత్రికులు కూడా ఆగి చూసేవాళ్లు. ఆ చూపులకు నేను పొంగిపోయేవాణ్ణి, ఆమె హడలిపోయేది. కొన్న రోజు నుంచీ ప్రతి శుక్రవారం తిరుచానూరు గుడి దగ్గర బంతిపూల దండ కొనుక్కొచ్చి ముందు బంపర్ కింద దిష్టికి కట్టేది.

ఆ కారులో ఇంజన్ ఆయిల్ వేడి చూపించడానికి ప్రత్యేకంగా ఒక ముల్లు ఉంది. వంద దగ్గర ఆగాల్సిన ఆ ముల్లు, చంద్రగిరి చేరేసరికి నూట ముప్పై దాటి ఎర్రగీత వైపు పాకేది. అలాగే నడిపితే ఇంజన్ పట్టేస్తుంది.

చిత్తూరు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఈడ ఒకాయన కొంటానంటా ఉండాడు, సోమవారం వస్తాడు. కాలిపోయినాక పాత ఇనుము కింద అమ్ముకుంటావా?"

"అంతలోపల ఆ ముల్లు దిగితే పెట్టుకోండి, లేకుంటే ఇచ్చేయండి" అని మా ఆవిడ తీర్పు చెప్పేసింది.

ఇక వైద్యం మొదలైంది. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన జ్వరం తుపాకీని ఇంజన్‌కు గురిపెట్టాను. మనుషుల జ్వరం వరకే చదువుకున్న ఆ యంత్రం 'హై' అని చూపించి చేతులెత్తేసింది. పాత కార్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఆయిల్ మార్చమన్నాడు, ఒకాయన మీటరు మార్చమన్నాడు, సొంత కారే లేని ఇంకొకాయన ఇంజన్ దించెయ్యమన్నాడు. ఆయిల్ మార్చాను. ముల్లు మారలేదు.

మీటరే అబద్ధం చెబుతోందేమోనని మెకానిక్ చేత సెన్సర్ ఊడదీయించి, వైర్లు పొడిగించి, మా ఆవిడ టీ గిన్నెలో నీళ్లు మరిగించి ముంచాం. ముల్లు చక్కగా వంద మీద నిలబడింది. "అంటే ఇంజన్ ఏడి నిజమే సార్" అన్నాడు మెకానిక్, ఎవరో పోయిన కబురు చెబుతున్నట్టు. టీ గిన్నె పాడైనందుకు ఇంట్లో జరిగిన గొడవకు మీటరు లేదు.

ముల్లు పైకెక్కినకొద్దీ బంపర్ కింద దండ కూడా లావెక్కింది. వేపాకు చేరింది, నిమ్మకాయలు చేరాయి.

ఆదివారం ఓటమి ఒప్పుకున్నాను. "అమ్మేముందు ఒక్కసారి దీంట్లో సత్యవేడుకు తీసుకపోండి, మావాళ్లు చూస్తారు" అంది మా ఆవిడ. అది ఆమె పుట్టినూరు. దారిలో తిరుచానూరులో దండం పెట్టుకుని వచ్చేసరికి ఒక ఆవు మా దండను తీరిగ్గా నమిలి మింగేసి, నిమ్మకాయలు మాత్రం రోడ్డు మీద వదిలేసింది. "అయ్యో, దిష్టిదండ పాయనే!" అని ఆమె గుండెలు బాదుకుంది.

పుత్తూరు దాటింది. ముల్లు వంద మీదే ఉంది. ఇంకా దూరం పోయాం. వందే.

కారు పక్కకు ఆపి, మోకాళ్ల మీద వంగి బంపర్ కిందకు చూశాను. దండ ఉండే చోట గాలి దూరే సందు, దాని వెనకే ఆయిల్‌ను చల్లబరిచే జాలీ. తిరుపతిలో బండికి దండ లేకపోతే అందరికీ కనిపిస్తుంది, ఉంటే ఎవరి కంటా పడదు. నాకూ పడలేదు.

సంగతి చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది. "అంటే ఇన్నాళ్లూ దాని ముక్కు మూసింది నేనేనా?"

"నీకీ కారంటేనే పడదు కదా, దానికింత సేవ ఎందుకు?"

"కారుకేమొచ్చింది? లోపల కూర్చునేది మీరు. మీరు ఇల్లు చేరేదాకా నాకు కాలు ఒకచోట నిలవదు."

అంత ప్రేమ నాకోసం బంపర్ కింద వేలాడుతోందని తెలిసి కళ్లు చెమర్చాయి. అక్కడి నుంచే బావమరిదికి ఫోన్ చేసి బేరం వద్దన్నాను.

మళ్లీ శుక్రవారం వచ్చింది. గుడి నుంచి ఆమె చేతిలో దండతోనే వచ్చింది. వద్దనలేక, ఊరుకోలేక బంపర్ పక్కనే నిలబడ్డాను. ఆమె బంపర్ ముందు ఆగలేదు. చుట్టూ తిరిగి కారు వెనక్కి పోయి, సైలెన్సర్‌కు తగలకుండా దండ కట్టసాగింది. వీధిలోవాళ్లు నవ్వుతున్నారు.

"వెనకెందుకు?" అని అడిగాను.

ముడి బిగిస్తూ అంది, "ఎనక నుంచి సూసేవాళ్లకు మాత్రం కండ్లుండవా?"