రాహేలమ్మ గారి కట్టుగుడ్డ కొలత

మా ఇంట్లో జానెడు ఎత్తున్న చెక్క రేడియో ఒకటి ఉంది. స్విచ్చి వేయగానే పలికే రకం కాదు. లోపలి బల్బులు వేడెక్కడానికి ఒక నిమిషం తీసుకుంటుంది. ఆ నిమిషంలో వెనక అట్టకున్న కన్నాల్లోంచి కాగిన దుమ్ము వాసన, పాత లక్క వాసన కలిసి వస్తాయి. ఆ తర్వాత సన్నగా గుర్రుమంటుంది. నేను దాన్ని వార్తల కోసం పెట్టను. నా గిటారు నుంచి వచ్చే తీగను దాని వెనక తగిలించి, సాయంత్రం పూట కాసేపు వాయించుకుంటాను. కొంచెం పెంచితే వంటింట్లోకి కూడా వినపడుతుంది కదా అంటుంది మా అమ్మాయి. నేను పెంచను. శబ్దం దగ్గర కూడా ఇంత పిసినారితనమా అని నవ్వుతుంది. ఆ వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు ఒక మనిషి గుర్తుకొస్తారనీ, ఆమె ముందు నేను తలెత్తుకోలేననీ మా అమ్మాయికి ఇంతవరకు చెప్పలేదు.

ఆమె పేరు రాహేలమ్మ. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి నర్సు. మా నాన్న ఆ ఆసుపత్రిలోనే వంటమనిషి కాబట్టి మేమూ ఆ కాంపౌండులోనే ఉండేవాళ్లం. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తల్లో ఒక దొరసాని తన దేశం వెళ్లిపోతూ, పెట్టెల్లో పట్టని గిటారును రాహేలమ్మ గారికి ఇచ్చి పోయింది. ఆమెకు వాయించడం అంతకు ముందే నేర్పింది. నేను ఎస్సెల్సీ గట్టెక్కి, ఉద్యోగం కోసం కాళ్లరిగేలా తిరుగుతున్న ఏడాది, ఊరికే కూర్చుంటే బుర్ర పాడవుతుందని రాహేలమ్మ గారు నన్ను పిలిచి ఆ గిటారు నా ఒళ్లో పెట్టారు. పొట్టి మనిషి. తెల్ల చీర, బొడ్లో కత్తెర. మాట్లాడితే సగం మాట కళ్లతోనే అయిపోయేది.

ఆమె ఇల్లు ఒకటే గది. గోడకు అటు పక్క ఆడవాళ్ల వార్డు. అందుకని ఆమె నేర్పిన మొదటి పాఠం రాగమూ కాదు, తాళమూ కాదు. నేను ఉత్సాహం కొద్దీ తీగల్ని బరబరా గీకితే, నా మణికట్టు పట్టుకుని ఆపేశారు. "గోడ కవతల ఒకామె నిద్రపోతాండాది, ఇంకొకామె నొప్పికి నిద్రరాక పడుకోనుండాది. నిద్రపోయేటామె లేవగూడదు. మేలుకోనుండే ఆమెకి ఇనపడాల. అట్ల వాయించుప్పా" అన్నారు. అది ఎంత కష్టమో చేసి చూస్తే గానీ తెలియదు. గట్టిగా వాయించడం ఎవరికైనా వస్తుంది. నాకు మెల్లగా వాయించడం రావడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా పుంగనూరులో బోర్డు స్కూలు ఉద్యోగం వచ్చింది. అయినా శనివారం సాయంత్రం బస్సెక్కి మదనపల్లె వచ్చేవాణ్ణి. పెట్రోలు కరువులో బొగ్గు గ్యాసుతో నడిచే ఆ బస్సు దిగేసరికి నా ముఖం మసి. ముందు ముఖం కడుక్కుని రమ్మని, ఆ తర్వాతే గిటారు ఇచ్చేవారు.

యుద్ధం ముగిసే నాటికి ఆమె చెవులు మందగించడం మొదలైంది. మొదట మేమెవరమూ కనిపెట్టలేదు, ఎందుకంటే ఆమె ఎదుటివాళ్ల పెదాల్ని చూసి మాట పట్టేసేవారు. ఒక శనివారం నేను వాయిస్తుంటే దగ్గరికి జరిగి జరిగి, చివరికి గిటారు మీదకి వంగి కూర్చున్నారు. అప్పుడు అర్థమైంది. ఆమె వాయించుకున్నది ఆమెకే వినపడటం లేదు. మెల్లగా వాయించడం తప్ప మరో వాయింపు తెలియని మనిషికి ఎంత శిక్ష అది!

కుప్పంలో రైల్వే స్టేషను దగ్గర కరీం సాహెబ్ అని రేడియోలు బాగుచేసే ఆయన ఉండేవాడు. గిటారు చెక్కకు చెవిఫోను బిళ్ల ఒకటి అతికించి, దాని తీగను రేడియో వెనక తగిలిస్తే గిటారు శబ్దం పెద్దదై రేడియోలోంచి వస్తుందని ఆసుపత్రి డ్రైవరు ఎవరో ఆమెకు చెప్పాడట. ఆ పెట్టె ఏదో చూసి తెమ్మని నన్ను అడిగారు. నేను సైన్సు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి నాకన్నీ తెలుసని ఆమె నమ్మకం.

"డాక్టరు దొర చెప్పినాడప్పా, ఇంకొక ఏడాది ఇనపడొచ్చు, తర్వాత అది కూడా పోతాదని. ఆ ఏడాది నాకు కావాల. ఊరికంతా ఇనపడేది వద్దు. నాకు ఇనపడితే చాలు" అన్నారు.

తర్వాత నా చేతిలో ఒక కట్టుగుడ్డ చుట్ట పెట్టారు. పుండ్లకు చుట్టే తెల్లటి గుడ్డే. నర్సమ్మ ఇంట్లో కొలత టేపు ఎక్కణ్ణుంచి వస్తుంది? గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆ గుడ్డను పరిచి కత్తిరించారట. సిరాతో గుర్తులు కూడా పెట్టారట. అంగడాయన ముందు ఇది పరిచి, ఇంత ఇంటికి ఏది సరిపోతుందో అడగమన్నారు. సరేనని జేబులో వేసుకున్నాను.

కరీం సాహెబ్ అంగడిలో ఆ రోజు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఇద్దరు రైల్వే వాళ్లు, ఒక మోటారు కంపెనీ గుమాస్తా. బల్ల మీద ఈ చిన్న చెక్క రేడియో ఉంది. దాని పక్కన నేల మీద బూడిద రంగు ఇనప పెట్టె, దాని మీద ఇత్తడి బిందెంత నోరున్న లౌడ్‌స్పీకరు హారన్. యుద్ధం అయిపోయాక బెంగళూరులో మిలిటరీ వాళ్లు వదిలించుకున్న సామానులో వచ్చిన యాంప్లిఫయరు అది. కరీం సాహెబ్ నన్ను ఒకటే అడిగాడు. "ఇల్లు ఎంతుండాదప్పా? ఇనేటోళ్లు ఎందరు?"

జేబులో చుట్ట నా వేళ్లకు తగులుతూనే ఉంది. కోటు వేసుకున్న మాస్టరు, అందరి ముందు పుండ్లకు కట్టే గుడ్డ తీసి బల్ల మీద పరవడమా? నాకు నామోషీ అనిపించింది. ఇల్లు పెద్దదేనన్నాను. వినేవాళ్లు కూడా చాలామందేనన్నాను. ఇంటికైతే చిన్నదే మేలని ఆయన రెండుసార్లు అన్నాడు. నేను మాత్రం హారన్ వైపే చూస్తున్నాను. నిజం చెప్పాలంటే, అప్పటికే నా కళ్ల ముందు క్రిస్మస్ చర్చి, నిండిన బెంచీలు, ముందు నిలబడి గిటారు వాయిస్తున్న నేను, ఇవే కనిపిస్తున్నాయి. రాహేలమ్మ గారి గది కనిపించలేదు. ఆ ఇనప పెట్టెను, లారీ బ్యాటరీని బస్సు టాపు మీద కట్టించుకుని, ఘనకార్యం చేసినవాడిలా మదనపల్లె చేరాను.

ఆ గదిలో హారన్ పెట్టడానికి మంచం జరపాల్సి వచ్చింది. రాహేలమ్మ గారు చేతులు కడుక్కుని, తల దువ్వుకుని, గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ ముఖంలో ఉన్న ఆశ నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నేను గిటారు చెక్కకు బిళ్ల అతికించి, స్విచ్చి వేశాను. ఆమె ఇంకా తీగ మీద వేలు పెట్టలేదు. హారన్ కూత పెట్టింది. గిటారుకున్న బిళ్ల హారన్ శబ్దాన్నే పట్టుకుని మళ్లీ హారన్‌కే పంపుతుంటే, అంత చిన్న గదిలో అది కూత కాక ఇంకేమవుతుంది? సైన్సు మాస్టరుకు ఆ సంగతి తట్టలేదు. గోడ కవతల వార్డులో ఎవరో కేక వేశారు. పసిబిడ్డలు లేచి ఏడుపు అందుకున్నారు. బాలింతలకు గుండెలు అదిరిపోయాయని పెద్ద నర్సు పరుగున వచ్చి, రాహేలమ్మ గారిని నా ఎదుటే నాలుగు మాటలు అంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క రోగి నిద్ర చెడగొట్టని మనిషి, పెదాలు చూసి ఆ మాటలన్నీ పట్టుకున్నారు. గిటారును గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టారు.

నన్ను తిట్టలేదు. "పెద్దది తెచ్చినావే" అన్నారు, అంతే. వచ్చే వారమే మార్చి తెస్తానని మాటిచ్చాను.

ఆ వచ్చే వారం రాలేదు. క్రిస్మస్‌కు ఉండనిమ్మని చర్చి పెద్దలు అడిగారు. ఉంచాను. వాయించడానికి వేరే గిటారు ఒకటి అరువు తెచ్చుకున్నాను. ఆ రోజు నేను ఊహించుకున్నట్టే అంతా జరిగింది. బయట రోడ్డు మీద కూడా జనం నిలబడి విన్నారు. ముందు బెంచీలో రాహేలమ్మ గారు కూర్చుని, నా ముఖం చూడకుండా నా వేళ్లు చూస్తున్నారు. ఆ తర్వాత సోమలలో ఒక పెళ్లికి పిలిచారు, పుంగనూరులో స్కూలు వార్షికోత్సవానికి అడిగారు. ఎక్కడికి వెళ్లినా హారన్ మాస్టరు వచ్చాడనేవారు. ఆ పిలుపు నాకు బాగా నచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, బాగా నచ్చింది. శనివారాలు మదనపల్లె వెళ్లడం తగ్గింది. వెళ్లినా ఆమె ఆ పెట్టె సంగతి ఎత్తేవారు కాదు, అన్నం తిన్నావా అని మాత్రం అడిగేవారు. ఎత్తి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ అది నా తప్పును ఆమె మీదికి నెట్టడమే. ఆమె అడగవలసింది ఒకసారి అడిగారు. కొలత కూడా ఇచ్చారు.

ఏడాది దాటాక, ఆమె ఉద్యోగం మానేసి గుడుపల్లెలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారని మా నాన్న చెప్పాడు. డాక్టరు దొర చెప్పిన ఏడాది అయిపోయిందని నాకు అప్పుడు తట్టింది. మర్నాడే సెలవు పెట్టి, ఇనప పెట్టెను తీసుకుని కుప్పం బస్సెక్కాను. కరీం సాహెబ్ నన్ను గుర్తుపట్టాడు. ఈసారి కట్టుగుడ్డ తీసి బల్ల మీద పరిచాను. గుడ్డ మధ్యలో రెండు గుర్తులు. ఒక దాని దగ్గర "పెట్టె" అనీ, ఇంకో దాని దగ్గర "నా మంచం" అనీ సిరాతో రాసి ఉంది. ఇన్నాళ్లూ నేను ఆ చుట్టను విప్పి చూడనేలేదు. ఆ రెంటి మధ్య దూరాన్ని కరీం సాహెబ్ తన మోచేత్తో కొలిచాడు. నాలుగు మూరలు.

"ఇది ఆ పొద్దే సూపించింటే, నీకు దాన్ని అమ్మేటోణ్ణే కాదప్పా" అన్నాడు. చిన్న రేడియో ఇంకా అక్కడే ఉంది. కొనేవాళ్లు లేక ఉందో, నా కోసం ఉంచాడో నేను అడగలేదు. ఇనప పెట్టె ఇచ్చేసి దాన్ని తీసుకున్నాను.

గుడుపల్లెలో ఆ ఇల్లు కూడా చిన్నదే. రాహేలమ్మ గారు వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నన్ను చూసి చేట పక్కన పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకున్నారు. రేడియో పెట్టెను ఆమె ఎదుట స్టూలు మీద పెట్టాను. లోపలి నుంచి ఆమె గిటారు తెప్పించి బిళ్ల తగిలించాను. తీగలు సరిచూసుకుంటూ, శ్రుతి కోసం రెండు వరసలు వాయించాను. ఆమె తల ఊపుతూ చూస్తున్నారు.

"ఇదే. ఇదే నేను అడిగింది. బాగా ఇనపడతాండాది" అన్నారు.

నేను బ్యాటరీ తీగ ఇంకా తగిలించలేదు.

తెలిసి అన్నారో తెలియక అన్నారో ఈ రోజుకీ నాకు అర్థం కాలేదు. ఎంత తప్పు చేసినా నా ముఖం చిన్నబోవడం చూడలేని మనిషి. నేను తల వంచుకుని తీగ తగిలించాను. బల్బులు వేడెక్కాయి, ఆ వాసన వచ్చింది. ఆమె నేర్పిన మొదటి పాట మొత్తం, ఆమె నేర్పినట్టే వాయించాను. ఇంట్లో చెల్లెలు పని ఆపి గుమ్మంలోకి వచ్చి విన్నది. వినవలసిన మనిషి నా వేళ్లనే చూస్తున్నారు. పాట సగంలో నా కళ్లు చెమర్చి వేలు జారితే, "మూడో తీగ సరిగ్గా నొక్కుప్పా" అన్నారు. ఆ తప్పును ఆమె కళ్లతోనే పట్టుకున్నారు.

గిటారు, పెట్టె రెండూ నన్నే తీసుకుపొమ్మన్నారు. వద్దంటే వినలేదు. ఆ తర్వాత రెండేళ్లకే ఆమె పోయారు. నేను సమాధి దగ్గర కూడా ఏమీ అనలేకపోయాను. బతికి ఉండగా చెప్పాల్సిన మాటను చెవులు ఉండగా చెప్పలేదు, ఇక అప్పుడు ఎవరికి చెప్పను?

రేడియోలో బల్బులు రెండుసార్లు మార్పించాను. బ్యాటరీ తీయించి కరెంటుకు మార్పించాను. కట్టుగుడ్డ మాత్రం మార్చలేదు, ఉతకలేదు. రేడియో వెనకే చుట్ట చుట్టి ఉంటుంది. సిరా వెలిసింది గానీ "నా మంచం" అన్న అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. వంటింట్లోకి వినపడలేదని మా అమ్మాయి మళ్లీ నిన్న అంది. పెంచలేదు. వినాలనుంటే వచ్చి దగ్గర కూర్చోమన్నాను. తను పీట తెచ్చుకుని కూర్చున్నాక, ఆ చుట్ట విప్పి, పెట్టె నుంచి తన దాకా పరిచాను. నాలుగు మూరలకు కొంచెం తక్కువే వచ్చింది. ఇదేమిటి నాన్నా అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను.