గేర్ల సైకిలు మీద నాన్న నెంబరు

ఆ రోజుల్లో నా కాలు ఒకచోట నిలిచేది కాదు. చదువయ్యాక భిలాయి స్మృతి నగర్‌లో మావయ్య హార్డ్‌వేర్ కొట్లో కుదురుకున్నాను (కుదురుకున్నాడనేది మా అమ్మ మాట). ఏడాది తిరక్కుండానే నాలుగు నెలల జీతం పోసి ఎర్రటి గేర్ల సైకిలు కొన్నాను. దానికి ఇరవై ఒక్క గేర్లు. భిలాయిలో రైలు వంతెన తప్ప ఎత్తన్నది లేదు, మరి అన్ని గేర్లెందుకని నన్నడక్కండి. ఉక్కు ప్లాంటులో పనిచేసే నాన్న తన పాతికేళ్ల నల్ల సైకిలు దిగి, దీని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "కేరేజీ నేదేటి? మడ్‌గార్డూ నేదు. ఇన్ని డబ్బులిచ్చి సగం సైకిలు తెచ్చీసినావేటిరా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎలాగైనా ఆయన నోటితో బాగుందనిపించాలని పట్టుదల పుట్టింది.

కానీ ముందు నాకే సుఖం లేకపోయింది. దొంగ భయం పట్టుకుంది. కొట్లో మేకులు తూస్తూ పది నిమిషాలకోసారి వీధిలోకి తొంగిచూసేవాణ్ణి. "అరే భయ్యా, కీల్ దోగే కి నహీ?" అంటూ, మేకులిస్తావా లేదా అని బేరాలవాళ్లు విసుక్కునేవారు. మావయ్యకి ఓపిక చచ్చింది. "ఒరే అల్లుడూ, ఆ సైకిల్ని తెచ్చి గల్లా దగ్గర కూకోబెట్టు. నువ్వెల్లి ఈదిలో నిలబడు" అన్నాడు.

ఒక ఆదివారం లేచి చూస్తే మెట్ల కింద సైకిలు లేదు. నాన్న నల్ల సైకిలు పక్కనే ఉంది, అదెక్కి దొంగ కోసం బయలుదేరాను (నాన్న పొద్దున్నే డ్యూటీకి దేని మీద వెళ్లాడన్న ఆలోచన నాకు రానేలేదు, చూడండి!). ఊరి ఆ చివర భిలాయి-3 దాకా వెళ్లాను. చైను మూడుసార్లు ఊడింది. చివరికి నాన్నకి చెప్పుకుని ఏడుద్దామని, రెండింటికి షిఫ్టు దిగే వేళకి ప్లాంటు గేటు చేరాను.

అక్కడి స్టాండులో వందల నల్ల సైకిళ్ల మధ్య నా ఎర్ర సైకిలు, దాని హేండిలుకి నాన్న టిఫిను సంచి! ఫ్రేము మీద పసుపు పెయింటుతో ఆయన టోకెన్ నెంబరు, ముట్టుకుంటే వేలికి అంటుకుంది.

"ఇదేటి నాన్నా?" అని, షిఫ్టు దిగి వచ్చిన ఆయన్ని చూసి అరిచినంత పని చేశాను.

"మరి నెంబరెయ్యకపోతే ఇన్నిట్లో ఎలా దొరుకుద్దిరా?" అన్నాడు నిదానంగా. ప్లాంటు మనుషులంతా సైకిలు మీద నెంబరు వేసుకుంటారు, నిజమే. ఎర్ర సైకిలు అదొక్కటే అని ఆయనకెలా చెప్పను?

ఇంటికొస్తూ రైలు వంతెన దగ్గర నేను నల్ల సైకిలు దిగి తోసుకుంటూ ఎక్కాను. నాన్న దిగకుండా పైకెళ్లి, నాకోసం ఆగాడు. చెమట పట్టిన మొహంతో చిన్నపిల్లాడిలా నవ్వాడు. "మోకాలు నొప్పెట్టనేదురా. రెండేళ్లయింది, ఈ వంతెన దిగకుండా ఎక్కి. బాగుందిరా సైకిలు."

మోకాలు నొప్పని ఆయన అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. సైకిలు తిరిగిమ్మని నేనూ అడగలేదు. మర్నాడే మావయ్య కొట్లోంచి కేరేజీ తెచ్చి నేనే బిగించాను. రిటైరయ్యే దాకా ఆయన దానిమీదే డ్యూటీకి వెళ్లాడు, నేను ఊడిపోయే చైనుతో కొట్టుకి.

ఇప్పుడా కొట్లో గల్లా దగ్గర నేను కూర్చుంటున్నాను. సైకిలుకి అంత డబ్బు పెట్టొచ్చా అని కుర్రాళ్లెవరైనా అడిగితే, ఊరంతా దొంగ కోసం తిరిగిన ఆ వెర్రివాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పెట్టండి బాబూ, అంటాను. తొక్కేది మీరే అని మాత్రం అనుకోకండి.